చిన్న ఫ్యాను - పెద్ద గోల

మీ ఇంట్లో సీలింగు ఫ్యాను రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. దాని రెక్కలు చుట్టే వలయం వ్యాసం దాదాపు నాలుగడుగులు. అంత పెద్ద ఫ్యాను కింద మీరు హాయిగా నిద్రపోతారు. కాని అరచేతిలో ఇమిడిపోయే ఫ్యాను ఒకటి పక్కగదిలో తిరిగితే ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. ఇదేం చిత్రం? చిన్నదానికి ఇంత గొంతు ఎక్కడిది?

ఆ ఫ్యాను ఉండేది ర్యాక్ సర్వర్ అనే కంప్యూటర్‌లో. ఒక కంప్యూటర్ అనేక కంప్యూటర్లకు సమాచారం అందిస్తుంటే దాన్ని సర్వర్ అంటారు. పెద్ద సంస్థల్లో వీటిని ఇనుప చట్రాల్లో అరలు అరలుగా పేరుస్తారు. ఆ చట్రమే ర్యాక్. సర్వర్ ముందుభాగం వెడల్పు 19 అంగుళాలు. ఒక అర ఎత్తు ఒకటిముప్పావు అంగుళం, అంటే 44.45 మిల్లీమీటర్లు. అంత సన్నని పెట్టెలో 40 మిల్లీమీటర్ల ఫ్యానుకు మించి నిలువుగా పట్టదు. కథంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇలాంటి యంత్రాలతో మన అనకాపల్లికి ఏం పని అంటారా? 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నం ప్రాంతంలో బ్రహ్మాండమైన డేటా కేంద్రం కడతామని ప్రకటించింది. అందుకు ఎంచుకున్న స్థలాల్లో మన జిల్లాలోని రాంబిల్లి కూడా ఉంది. అంతేకాదు, సంస్థలు వాడి పక్కనపెట్టిన పాత సర్వర్లు తక్కువ ధరకు దొరుకుతాయి. కంప్యూటర్ విద్య నేర్చుకునే కుర్రవాళ్ళు వాటిని కొని ఇంటికి తెచ్చుకుంటారు. మనుషులు నిద్రపోని చోటు కోసం చేసిన యంత్రం మనుషులు నిద్రపోయే చోటికి వస్తుందన్నమాట. పదో తరగతి పరీక్షలకు చదివే చెల్లెలు, కునుకు పట్టని బామ్మ ఒకవైపు. నేర్చుకోవాలనే అన్న ఇంకోవైపు. ఈ తగవును భౌతికశాస్త్రం తీర్చగలదా? చూద్దాం.

వేడిని మోసేది గాలే

కంప్యూటర్ తీసుకున్న విద్యుత్తు అంతా చివరికి వేడిగా మారుతుంది. 200 వాట్ల సర్వర్ అనుకోండి. సెకనుకు 200 జౌళ్ళు, నిమిషానికి 12,000 జౌళ్ళ ఉష్ణం పుడుతుంది. దాన్ని బయటికి పంపాలి.

వేడి పాలను గ్లాసులోంచి పళ్ళెంలోకి ఒంపితే త్వరగా చల్లారతాయి. కారణం మీకు తెలుసు: గాలి తగిలే వైశాల్యం పెరిగింది. కంప్యూటర్‌లో కూడా వేడెక్కే భాగం మీద పలుచని లోహపు రేకులు వరుసగా పేర్చిన దిమ్మ ఒకటి ఉంచుతారు. ఆ రేకుల సందుల్లోంచి ఫ్యాను గాలిని తోస్తుంది.

ఎంత గాలి కావాలి? ఒక ఘనపు మీటరు గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కడానికి సుమారు 1,200 జౌళ్ళు తీసుకుంటుంది. పది డిగ్రీలకు 12,000 జౌళ్ళు. అంటే నిమిషానికి ఒక ఘనపు మీటరు, వెయ్యి లీటర్ల గాలి ఆ సన్నని పెట్టెలోంచి దూసుకుపోవాలి. వేసవిలో గది 36 డిగ్రీలుంటే వెనకనుంచి వచ్చే గాలి 46 డిగ్రీలుంటుంది. గాలి సగానికి తగ్గితే? అదే వేడిని సగం గాలి మోయాలి కాబట్టి 20 డిగ్రీలు పెరిగి 56 అవుతుంది. లోపలి చిప్పులు అంతకన్నా ఎంతో వేడిగా ఉంటాయి. వేడి హద్దు దాటితే యంత్రం తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంకా పెరిగితే ఆగిపోతుంది.

ఊదుగొట్టం, విసనకర్ర

కట్టెల పొయ్యి రాజేయడానికి అమ్మమ్మ ఊదుగొట్టం వాడేది. చెమట పట్టినప్పుడు తాటాకు విసనకర్ర తీసేది. రెండూ గాలిని కదిలించేవే. కాని ఊదుగొట్టం కొద్ది గాలిని గట్టిగా నెడుతుంది. కట్టెల సందుల్లోకి దూరుస్తుంది. విసనకర్ర ఎక్కువ గాలిని మెల్లగా కదుపుతుంది. సర్వర్‌లోని చిన్న ఫ్యాను ఊదుగొట్టం వంటిది.

ఇప్పుడు 120 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యానును తీసుకోండి. వ్యాసం మూడు రెట్లు. ఒకే ఆకారం గల ఫ్యానులు పంపే గాలి వ్యాసపు ఘనాన్నిబట్టి పెరుగుతుంది. మూడు ఘనం 27. అంటే చిన్నది నిమిషానికి 12,000 చుట్లు తిరిగి పంపే గాలిని పెద్దది 444 చుట్లతోనే పంపగలదు! కాని తోసే ఒత్తిడి లెక్క వేరు. అది చుట్ల వేగపు వర్గాన్నీ వ్యాసపు వర్గాన్నీ బట్టి ఉంటుంది. లెక్క కడితే ఆ 444 చుట్ల దగ్గర పెద్ద ఫ్యాను ఒత్తిడి చిన్నదానిలో 81వ వంతే. విశాలమైన పెట్టెలో అది చాలుతుంది. సన్నని పెట్టెలో రేకుల సందుల్లోంచి గాలిని తోయడానికి చాలదు. చిన్న ఫ్యానులు తీసేసి "చప్పుడు చేయని" ఫ్యానులు బిగించిన వాళ్ళు ఒక్కోసారి దెబ్బతినేది ఇందుకే.

చెవికి ఎందుకు గుచ్చుకుంటుంది?

ఫ్యాను రెక్క ఒక చోటు దాటిన ప్రతిసారీ గాలికి ఒక తోపు తగులుతుంది. సెకనుకు ఎన్ని తోపులో అదే పౌనఃపున్యం. మూడు రెక్కల సీలింగు ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకనుకు 5 చుట్లు, 15 తోపులు. మన చెవి వినగలిగేది 20 హెర్ట్‌జ్ నుంచి 20,000 హెర్ట్‌జ్ వరకు. కాబట్టి ఆ 15 చెవికి అందదు. గాలి హోరు మాత్రం మెల్లగా వినిపిస్తుంది.

ఏడు రెక్కల చిన్న ఫ్యాను 12,000 చుట్లు తిరిగితే సెకనుకు 200 చుట్లు, 1,400 తోపులు. దానితోపాటు రెట్టింపు 2,800, మూడు రెట్లు 4,200 హెర్ట్‌జ్ స్వరాలు కూడా పుడతాయి. మన చెవి అతి చురుకుగా వినేది 2,000-5,000 హెర్ట్‌జ్ మధ్యనే. అందుకే ఆ సన్నని కూత ఎన్ని తలుపులు వేసినా వెంటాడుతున్నట్టు ఉంటుంది. రెండు ఫ్యానుల స్వరాలు 1,400, 1,397గా ఉన్నాయనుకోండి. సెకనుకు మూడుసార్లు చప్పుడు హెచ్చి తగ్గుతుంది. తంబురా శ్రుతి చేసేటప్పుడు తీగలు కొద్దిగా తేడాగా ఉంటే వినిపించే విస్పందనాలు ఇవే.

ఒక ఫ్యాను పీకేద్దామా?

ఆరు ఫ్యానుల్లో ఒకటి తీసేస్తే చప్పుడు బాగా తగ్గుతుందని చాలామందికి తోస్తుంది. ధ్వని శక్తిలో తగ్గేది ఆరోవంతు, డెసిబెళ్ళలో 0.8. ఒక డెసిబెల్‌కు తక్కువ తేడాను చెవి మామూలుగా పోల్చుకోలేదు. పైగా ఖాళీ అయిన రంధ్రంలోంచి వేడిగాలి వెనక్కి మళ్ళుతుంది. ఇంకో చిక్కు ఉంది: ఒక ఫ్యాను తిరగడం లేదని కనిపెట్టగానే చాలా సర్వర్లు మిగిలిన అయిదింటినీ పూర్తి వేగంతో తిప్పుతాయి. గోల పెరుగుతుంది!

మరి ఆరింటి వేగమూ అయిదోవంతు తగ్గిస్తే? ఫ్యాను ధ్వని శక్తి సుమారుగా వేగపు అయిదో ఘాతాన్నిబట్టి మారుతుంది. 0.8ని అయిదుసార్లు హెచ్చవేయండి: 0.33 వస్తుంది. ధ్వని శక్తి మూడోవంతుకు, అంటే దాదాపు 5 డెసిబెళ్ళు తగ్గింది. గాలి మాత్రం అయిదోవంతే తగ్గింది. పది డిగ్రీల పెరుగుదల పన్నెండున్నర అవుతుంది, అంతే. వేగం సగం చేస్తే ధ్వని శక్తి 32వ వంతుకు పడిపోతుంది. కాని గాలి పెరుగుదల 20 డిగ్రీలవుతుంది. ఎంత తగ్గించవచ్చో ఉష్ణోగ్రత చూస్తూ నిర్ణయించుకోవాలి.

వరుసగా చేయవలసిన పనులు

మొదట దుమ్ము. రేకుల సందుల్లో పీచు పేరుకుంటే గాలి ఆడదు. యంత్రం వేడెక్కి ఫ్యాను వేగం పెంచుతుంది. కరెంటు తీగ పూర్తిగా పీకి, పెద్దవాళ్ళు దగ్గరుండగా మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. విద్యుత్తు సరఫరా చేసే పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పకండి. అందులోని కెపాసిటర్లు తీగ పీకాక కూడా ఆవేశాన్ని దాచుకుంటాయి.

రెండోది, దారి. గాలి ముందునుంచి వచ్చి వెనకనుంచి పోవాలి. వెనక గోడకు ఆనించినా, బట్ట కప్పినా, బీరువాలో పెట్టి మూసినా అదే వేడిగాలి మళ్ళీ లోపలికి వస్తుంది.

మూడోది, కంపనం. మీ ప్రయోగశాలలో శ్రుతిదండాన్ని మోగించి దాని కాడను బల్లకు ఆనించండి. శబ్దం పెద్దదవుతుంది కదా! సర్వర్‌ను చెక్కబల్ల మీద పెడితే జరిగేదీ అదే. కింద రబ్బరు ముక్కలు ఉంచండి. గరగర శబ్దం వస్తుంటే ఇరుసు దగ్గర అరిగిందని గుర్తు. అదే కొలతలు, అదే సామర్థ్యం గల ఫ్యాను వేయాలి.

నాలుగోది, వేగం. యంత్రపు సెట్టింగుల్లో ఉష్ణోగ్రతనుబట్టి వేగాన్ని మార్చే ఏర్పాటు ఉంటే అక్కడే కొద్దికొద్దిగా తగ్గించాలి. తీగలు కోసి నిరోధాలు అతికించడం మంచిది కాదు.

అయిదోది, పెట్టె. లోపలి భాగాలు ఇముడుతాయనుకుంటే నాలుగు అరల ఎత్తు పెట్టెలోకి మార్చవచ్చు. అందులో 120 మిల్లీమీటర్ల విసనకర్రలు పడతాయి.

పెద్ద డేటా కేంద్రాల్లో కొన్నిచోట్ల గాలికి బదులు ద్రవాన్ని చిప్పుల దగ్గరికే పంపుతారు. ఒకే ఘనపరిమాణంలో నీరు గాలికన్నా దాదాపు 3,500 రెట్లు ఉష్ణాన్ని మోయగలదు.

మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు శబ్దం 45 డెసిబెళ్ళు మించకూడదు. ఆ ఎనిమిది గంటలూ సర్వర్‌కు నిజంగా పని ఉందా అని అన్న తనను తాను ప్రశ్నించుకోవాలి. ఆపితే బామ్మకు నిద్ర, చెల్లెలికి చదువు. ఇక కరెంటు ఎంత మిగులుతుంది? 200 వాట్లు, రోజుకు 8 గంటలు, నెలకు 30 రోజులు. ఈ లెక్క మీరే కట్టి, మీటరు బిల్లు పక్కన పెట్టి చూడండి.