బడి గంట వెనుక ఢిల్లీ, లండన్!

మా పాములపాడులో ఆడపిల్ల బడికెళ్లడానికీ, థాయిలాండ్‌లో జరిగిన ఓ సభకీ సంబంధం ఉందంటే నవ్వుతారేమో! కానీ ఉంది.

1980లలోనే బ్రిటన్ సాయంతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) మొదలైంది. పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టడం, గింజలతో లెక్కలు, వాళ్లు గీసిన బొమ్మలు గోడకు తగిలించడం అప్పుడే వచ్చాయి. 1990లో థాయిలాండ్‌లోని జోమ్‌తియెన్‌లో 'అందరికీ విద్య' అని దేశాలు తీర్మానించాయి. మరుసటి ఏడాదే మన దేశం బంగారం కుదువపెట్టాల్సి వచ్చింది. బడులకు విదేశీ డబ్బు తీసుకోవడానికి తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

1994లో డీపీఈపీ వచ్చింది. ఆడవాళ్ల అక్షరాస్యత దేశ సగటుకన్నా తక్కువున్న జిల్లాలకే ముందు పీట. అలా 1996లో బ్రిటన్ డబ్బుతో కర్నూలుకు చోటు దక్కింది. పాములపాడు అప్పట్లో ఆ జిల్లాదే; నంద్యాల జిల్లాలోకి వచ్చింది 2022లో. చంకలో తమ్ముణ్ణి వేసుకుని ఇంటిపట్టునుండే అక్క బడికెళ్లాలంటే ఆ తమ్ముణ్ణి ఎవరో చూడాలి కదా! అందుకే బడుల పక్కనే పసిపిల్లల కేంద్రాలు పెట్టారు. ఇది తల్లులకు అర్థమయ్యే సంస్కరణ.

1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షలతో అమెరికా ఆంక్షలు పెట్టింది. అయినా జూన్‌లో మన రాష్ట్రానికి ప్రపంచబ్యాంకు రుణం మంజూరైంది. అందులో బడుల వాటా కూడా ఉంది. ఎక్కడి బాంబు, ఎక్కడి పలక!

ఇది మనకొక్కళ్లకే కాదు. 1961లో క్యూబా ఊరూరా అక్షరాలు నేర్పించింది. అదే ఏడాది అమెరికా లాటిన్ అమెరికా దేశాలకు సాయం ప్రకటించింది. ఆ పథకంలో చదువూ ఒక లక్ష్యమే. పోటీ పెద్దలది, పలకలు పిల్లలవి.

అప్పు తెచ్చిన సొమ్ముకు లెక్క చెప్పాలి. పథకానికి గడువుంటుంది, పిల్లల చదువుకు ఉండదు. డబ్బు ఆగితే పసిపిల్లల కేంద్రం నడిచేదెలా? తాత్కాలిక వలంటీర్లతో ఎన్నాళ్లు? మన అప్పుల కథ ఇంకా ముగియలేదు. 2021లో కూడా బడుల కోసం ప్రపంచబ్యాంకు 25 కోట్ల డాలర్లు మంజూరు చేసింది.

ఆ సొమ్ము ఏమవుతోందో అడిగే హక్కు మనకుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీల్లో మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలుండాలి. సంతకం పెట్టి వచ్చేయకండమ్మా! కాస్త కూర్చుని, లెక్కల పుస్తకం తెరిపించండి.