పాలంపేట శాసనం

పాలంపేట శాసనం తెలంగాణ రాష్ట్రములోని ములుగు జిల్లా, వెంకటాపూర్ మండలానికి చెందిన పాలంపేట గ్రామంలో, రామప్ప దేవాలయ ప్రాంగణంలో ఉన్న శిలాశాసనము. ఈ గ్రామము 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు శా.శ. 1135 (క్రీ.శ. 1213)లో ఈ శాసనాన్ని వేయించాడు. ఇది సంస్కృత శ్లోకాలలో ఉన్నది. శాసన స్తంభము ఒక చిన్న మండపంలో నిలిచి ఉన్నది. కాకతీయ రాజ్యము అరాచకం నుండి ఎట్లు కోలుకున్నదో తెలుసుకొనుటకు ఇది ముఖ్యమైన ఆధారము.

నేపథ్యము

క్రీ.శ. 1195 ప్రాంతంలో కాకతి రుద్రదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు. అతని తమ్ముడు మహాదేవుడు కూడా మూడు నాలుగేండ్లలోనే యాదవులతో పోరాడుతూ నేలకొరిగాడు. మహాదేవుని కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీ అయ్యాడు. ఓరుగల్లు సింహాసనంపై రాజు లేని ఆ సమయాన సామంతులు కొందరు తిరుగుబాటు చేశారు. పొరుగు రాజులు దండెత్తారు.

రేచెర్ల రుద్రుని పాత్ర

రేచెర్ల వంశము కొన్ని తరాలుగా కాకతీయులను సేవించిన సేనానుల వంశము. ప్రభువు చెరలో ఉండగా రుద్రునికి స్వతంత్రుడయ్యే అవకాశం ఉన్నది. అయినను అతడు తిరుగుబాట్లను అణచి, నాగతి అను రాజును ఓడించి, రాజ్యాన్ని ప్రభువు పేరిటనే కాపాడాడు. అందువలననే అతనికి 'కాకతీయ రాజ్యభార ధౌరేయుడు' అను బిరుదు కలిగినది. రాజ్యభారమును మోసినవాడని దీని అర్థము.

గణపతిదేవుని విడుదలను ఇరుపక్షాలు వేర్వేరుగా గుర్తుంచుకున్నాయి. యాదవ రాజు జైతుగి దయతో అతనిని విడిచిపెట్టెనని యాదవుల రచనలు చెప్పుచున్నవి. రేచెర్ల వారి శాసనాలు రుద్రుని స్వామిభక్తినే కీర్తించుచున్నవి. 1199 డిసెంబరు నాటి మంథెన శాసనము గణపతిదేవుని 'సకలదేశ ప్రతిష్ఠాపనాచార్య' అని పేర్కొన్నది. అప్పటికి అతడు రాజ్యానికి వచ్చియున్నాడు.

పునర్నిర్మాణము

గణపతిదేవుడు ఓడించిన వారిని బంధువులుగా చేసుకునే విధానము అనుసరించాడు. దివిసీమను జయించిన పిదప ఆ ప్రాంత పాలకుడైన పినచోడుని కుమార్తెలు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను గజసైన్యాధ్యక్షునిగా నియమించాడు. ఈ జాయప సేనానియే తరువాత 'నృత్తరత్నావళి' గ్రంథాన్ని రచించాడు.

రుద్రుడు పాలంపేటలో శివాలయము నిర్మించి, దేవునికి రుద్రేశ్వరుడని పేరు పెట్టాడు. కాటేశ్వర, కామేశ్వర ఆలయాల పేర్లలో అతని పూర్వీకులైన కాట, కామ నామములు నిలిచినవి. శాసనము రేచెర్ల వంశావళిని వివరించుచున్నది. ప్రజలు మాత్రము ఈ గుడిని రామప్ప గుడి అనియే పిలుచుచున్నారు. రామప్ప ప్రధాన శిల్పి అని స్థానికుల నమ్మకము.

తరువాతి కాలము

గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి కాలంలో సామంతుల తిరుగుబాట్లు మరల తలెత్తినవి. కాయస్థ అంబదేవుడు ఆమెపై తిరుగుబాటు చేశాడు. నల్గొండ ప్రాంతములోని చందుపట్ల శాసనము (1289) ప్రకారము రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకప్రాప్తి పొందారు. అంబదేవునితో జరిగిన పోరాటంలోనే వారు మరణించారని చరిత్రకారుల అభిప్రాయము. వారి పుణ్యము కొరకు భూమిని దానము చేసి ఆ శాసనాన్ని వేయించిన వాడు పువ్వుల ముమ్మడి అను సేవకుడు. ఆ విధముగా చక్రవర్తిని మరణ వార్తను లోకానికి తెలిపినది కూడా ఒక విశ్వాసపాత్రుని శిలాశాసనమే.

పరిశోధన, గుర్తింపు

గులాం యజ్దానీ పాలంపేట ఆలయాలపై రచించిన గ్రంథము 1922లో వెలువడినది. 2021 జూలై 25న యునెస్కో రుద్రేశ్వరాలయాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశముగా గుర్తించినది.