రబ్బరు బుడిపెపై మోపిన నింద

తోటలలోను పొలము గట్లమీదను కలుపు నరకుటకు భుజమున తగిలించుకొని తిరుగు చిన్న పెట్రోలు యంత్రమునకు, అనగా మన రైతులు బ్రష్ కట్టరని పిలుచుదానికి, కార్బురేటరు చెంతనే బొటనవ్రేలి క్రింద ఇముడునంతటి పారదర్శకమైన రబ్బరు బుడిపె యొకటి యుండును. దానికి ప్రైమరు బల్బని పేరు. నొక్కిన ప్రతిమారును పెట్రోలు నేరుగా ఇంజనులోనికి చిమ్మబడుననియు, కావున నాలుగైదు మారులకు మించి నొక్కినచో ‘ఓవర్‌ఫ్లో’ అయి యంత్రము మొరాయించుననియు వ్యాపించిన నమ్మకము ఎంత బలమైనదనగా, నొక్కుటను సైతము లెక్కపెట్టుకొను పనివారలను చూచి జాలిపడవలసి వచ్చుచున్నది.

వాస్తవమునకు ఈ బుడిపె చేయు పని పీల్చుట. దాని అడుగున ఒకే దిక్కునకు తెరచుకొను కవాటములు రెండు కలవు. నొక్కినప్పుడు లోపలి గాలి ఒక కవాటమును త్రోసికొని, వేరొక గొట్టము గుండ ట్యాంకునకు పోవును. వ్రేలు తీసినంతనే రబ్బరు తన పూర్వరూపమును పొందబోవుటచే లోపల పీడనము తగ్గి, రెండవ కవాటము తెరచుకొని, కార్బురేటరులోని చిన్న గదియందలి గాలి బుడిపెలోనికి లాగబడును. అంతట ఆ గదికి గోడవలె నున్న పలుచని డయాఫ్రము లోనికి వంగి, మీటను కదలించి, సూదికవాటమును తెరువగా, ట్యాంకులోని ఫిల్టరు మొదలుకొని గొట్టము పొడవునను పెట్రోలు ప్రాకివచ్చి గదిని నింపును. కలమునకు సిరా పోయు గాజుగొట్టపు రబ్బరు తిత్తి యెట్లో ఇదియు నట్లే. గది నిండిన పిమ్మట మిగులు పెట్రోలు బుడిపె గుండ మరల ట్యాంకునకే చేరును గాన, పదిమారులు నొక్కినను సిలిండరులోనికి పోవునది లేదు.

మరి ‘ఓవర్‌ఫ్లో’ అయి ప్లగ్గు తడియుట యెందువలన? చోకు వలన. గాలిదారిని ఇరుకుచేసి మిశ్రమమున పెట్రోలు పాలు పెంచునది అది. ఇంజను ఒకమారు దగ్గి ఆగిన పిమ్మటను చోకు తీయక త్రాడు లాగుచున్నచో తడియక యేమగును? నింద మాత్రము బుడిపెపై పడుచున్నది. అయితే, పచ్చిక కోయు కొన్ని చక్రపు యంత్రములలో బుడిపె గాలిని నెట్టి, తొట్టిలోని పెట్రోలును కార్బురేటరు గొంతులోనికి ఎక్కించును. అచ్చట అతిగా నొక్కుట నిజముగనే చేటు. బుడిపెనుండి ట్యాంకునకు మరలు గొట్టమున్నదా లేదా యని చూచిన భేదము తెలియును.

ఇంజను తిరుగుచుండగా నొక్కుట అనవసరము. అప్పుడు క్రాంకుగదిలోని పీడనపు హెచ్చుతగ్గులే కార్బురేటరులోని పెట్రోలు పంపును నడపును. నొక్కినప్పుడే కోలుకొని మరల నీరసించు ఇంజనునకు ఫిల్టరో, ట్యాంకు మూత రంధ్రమో పూడియుండును.

బుడిపెలో ఒకటిరెండు బుడగలు కనబడుట దోషము కాదు. ఎంత నొక్కినను బుడగలే వచ్చుచున్నచో గొట్టము పగిలినదని యెరుంగవలయును. అణగిన బుడిపె పైకి లేవకున్న పెట్రోలు వచ్చు దారియందును, నొక్కుటకే లొంగకున్న మరలిపోవు దారియందును అడ్డున్నదని అర్థము. రెంటికిని క్రొత్త బుడిపె మందు కాదు. ఇథనాలు కలిసిన నేటి పెట్రోలు నెలల తరబడి నిలువయున్నచో రబ్బరునకు హాని కలుగును గావున, పని ముగిసిన ఋతువున ట్యాంకు ఖాళీచేసి, బుడిపె వట్టిపోవువరకు నొక్కి, ఇంజను తనంతట ఆగువరకు నడిపి దాచవలయును.