ఆ మూడు దినములును దేహబలమును

ముట్టు దినములలో స్త్రీకి బలము తగ్గునా? ఈ ప్రశ్నకు మన యిండ్లలో రెండు జవాబులు వినుచున్నాము. బాలికతో, నీకు శక్తి చాలదు, ఆటలకు పోవలదందురు. ఆ బాలికయే కోడలై, నడుము పట్టినదని చెప్పుకొన్నచో, ఇది అందఱికి నున్నదే, బిందె యెత్తుమందురు. ఆమె దేహమును పరీక్షించి పలికినవారు రెండుచోట్లను లేరు.

పరీక్షించి పలికిన యొక వైద్యురాలిని గూర్చి సోదరీమణులకు తెలుపవలెనని మాకు చాలకాలముగా నున్నది. 1873లో అమెరికాదేశమున ఎడ్వర్డు క్లార్కు అను వైద్యుడు, బాలురతో సమానముగ చదువు సాగించినచో బాలికల దేహము చెడునని యొక గ్రంథము వ్రాసెను. ఋతుకాలమున వారికి విశ్రాంతి తప్పదని ఆయన వాదము. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండినవాడగుటచే పలువురు నమ్మిరి. పిమ్మట ఆ విశ్వవిద్యాలయమువారే ఈ విశ్రాంతి విషయమై వ్యాసములను కోరిరి. వ్రాసినవారు పేరు తెలుపరాదు. 1876లో బాయిల్‌స్టన్ బహుమానము పొందిన వ్యాసము మేరీ పట్నం జాకోబీ అను స్త్రీది! ఆ వైద్యకళాశాల స్త్రీలను చేర్చుకొన్నది 1945లో మాత్రమే.

ఆమె వట్టి వాదముతో తృప్తి పడలేదు. 268 మంది స్త్రీల జవాబులు సేకరించెను. నాడి నడకను యంత్రముతో గీయించి, కండబలమును ముట్టునకు ముందును, ఆ దినములలోను, పిమ్మటను కొలిచెను. సరియైన పోషణ గల స్త్రీకి ఆ దినములలో విశ్రాంతి యవసరమనుటకు ఋతుధర్మమున కారణమేదియు లేదని తేల్చెను. (కురుసభలో ద్రౌపది రజస్వలయై యుండియే భీష్ముడు బదులీయలేని ప్రశ్న నడిగిన సంగతి మాకిక్కడ జ్ఞప్తికి వచ్చినది.)

2020లో 78 పరిశోధనలను కలిపి చూచిన శాస్త్రజ్ఞులును, ముట్టు తొలిదినములలో శ్రమశక్తి తగ్గినను అది అత్యల్పమనియు, మనిషి మనిషికి భేదముండుటచే అందఱికి నొక్క నియమము తగదనియు వ్రాసిరి.

అయితే “సరియైన పోషణ” యన్నమాటయొద్ద మేము చాలసేపు నిలిచితిమి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. నెలనెల పోవు రక్తముతో ఇనుమును పోవును. ఇనుము చాలనిచో రక్తము కండలకు ప్రాణవాయువును తగినంత మోయజాలదు. మెట్లెక్కునప్పటి ఆయాసము ముట్టు నిలిచిన వారమునకును తీరకున్నచో, ఆ మూడు దినములను నిందింపక రక్తపరీక్ష చేయించుకొనవలెను. అన్నము తినగానే తేనీరు త్రాగుటవలన ఆకుకూరలలోని ఇనుము సరిగ వంటబట్టదు. నిమ్మపండు, ఉసిరిక తోడైన బాగుగ పట్టును.

మేమును మూడు నెలలు పంచాంగపుటంచున వ్రాసికొని చూచితిమి. బిందె యెత్తుటలో ఏ దినమునను భేదము కానరాలేదు. రెండవనాడు వంగి యిల్లు తుడుచుట మాత్రము కష్టమైనది. అది బలము తగ్గుట కాదు, నడుమునొప్పి. వేడినీటి కాపడము పెట్టుకొని కూర్చుంటిమి. ఇల్లు మావారు తుడిచిరి.