అటక మీది పెట్టెలో ఆటగాళ్లు!

సిగరెట్‌ పెట్టెలో వచ్చిన చిన్న అట్టముక్క అది. పొడవు మూడంగుళాలు కూడా ఉండదు. 2022లో అమెరికాలో అది ఎంతకు అమ్ముడైందో తెలుసా? 72.5 లక్షల డాలర్లకు! అప్పటి లెక్కన 57 కోట్ల రూపాయల పైమాటే. దాని మీదున్నది హోనస్‌ వాగ్నర్‌ అనే బేస్‌బాల్‌ ఆటగాడి బొమ్మ. 1909లో ఓ పొగాకు కంపెనీ ఆ కార్డులు వేయడం మొదలుపెడితే, వాగ్నర్‌ అభ్యంతరం చెప్పడంతో ఆయన బొమ్మ మధ్యలోనే ఆగిపోయిందంటారు. తక్కువ మిగిలాయి కాబట్టే అంత గిరాకీ.

మనకు బేస్‌బాల్‌ లేదు. కానీ క్రికెట్‌ ఉందిగా! ఇంగ్లండ్‌లో విల్స్‌ సిగరెట్‌ కంపెనీ 1896లోనే క్రికెటర్ల కార్డులు వేసింది. మన పిల్లలకు ఆ సరదా బబుల్‌గమ్‌ కాగితాలతో, ట్రంప్‌ కార్డులతో, స్పోర్ట్‌స్టార్‌ పోస్టర్లతో తీరింది. విశాఖలో పోర్టు క్వార్టర్సులోనో, ఉక్కునగరంలోనో పెరిగినవాళ్లను కదిపి చూడండి... గోడకు అన్నం మెతుకులతో అంటించిన పోస్టర్ల కబుర్లు మొదలవుతాయి.

ఒకే జట్టులో నలుగురు

పాత ఫొటోల విలువ తెలియాలంటే 1936లో ఇంగ్లండ్‌ వెళ్లిన భారత జట్టును గుర్తుచేసుకోవాలి. అందులో నలుగురు తెలుగువాళ్లు! కెప్టెన్‌ విజయనగరం మహారాజకుమార్‌... అందరూ పిలిచే పేరు ‘విజ్జీ’. మూడు టెస్టుల్లో ఆయన చేసింది మొత్తం 33 పరుగులు. అదే పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేసిన వివాదం ఆయన్ను జీవితాంతం వెంటాడింది. అయితే 1930-31లో హాబ్స్‌, సట్‌క్లిఫ్‌ వంటి ఉద్దండుల్ని రప్పించి తన జట్టులో ఆడించిందీ ఆయనే. 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకూ వెళ్లారు.

రెండో వ్యక్తి సి.కె.నాయుడు. 1926లో బొంబాయిలో ఎంసీసీ జట్టు మీద 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే 11! 1932 జూన్‌ 25న లార్డ్స్‌లో మొదలైన మన తొలి టెస్టుకు కెప్టెన్‌ ఆయనే. 1941లో ఓ లివర్‌ టానిక్‌ ప్రకటనలోనూ కనిపించారు. ఆ పాత పత్రిక ముక్క దొరికితే సేకర్తలకు పండగే. మూడో వ్యక్తి ఆయన తమ్ముడు సి.ఎస్‌.నాయుడు.

నాలుగో ఆయన కథ మాత్రం మనసును కలచివేస్తుంది. పేరు కోటా రామస్వామి. మద్రాసు క్రికెట్‌కు పితామహుడనిపించుకున్న బుచ్చిబాబు నాయుడి కొడుకు. టెన్నిస్‌లో డేవిస్‌ కప్‌ ఆడి, నలభయ్యో ఏట టెస్టు క్రికెట్‌లో అడుగుపెట్టారు. ఆడింది రెండే టెస్టులు. చేసిన పరుగులు 40, 60, 29, 41 నాటౌట్‌. 1985 అక్టోబరులో ఓరోజు ఇంట్లోంచి బయటికి వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవరికీ తెలియదు. అలాంటి మనిషి మనకు మిగిలింది అంకెల్లో, నాలుగు నలుపు తెలుపు ఫొటోల్లో. వాటి వెనక పేరు రాసి లేకపోతే... అవీ ఎవరో తెలియని ముఖాలే!

మన ఊరి ముక్కలు

ఇలాంటివి రాజుల ఇళ్లలోనే ఉంటాయనుకోకండి. 1988 డిసెంబరులో విశాఖ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో న్యూజిలాండ్‌తో వన్డే జరిగింది. శ్రీకాంత్‌ 70 పరుగులు చేసి, అయిదు వికెట్లూ తీశాడు. 2005 ఏప్రిల్‌ 5న మధురవాడలో పాకిస్థాన్‌ మీద ధోనీ 123 బంతుల్లో 148 బాదాడు. ఆ రోజుల టిక్కెట్టు ముక్క, గ్యాలరీలోంచి నాన్న తీసిన ఫొటో, మామయ్య ఆఫీసు జట్టు గ్రూపు ఫొటో... ఇవన్నీ ఊరి చరిత్రే. వాటికి విశాఖలో శత్రువులు ఎక్కువ. ఉప్పుగాలి, చెమ్మ, చెదలు! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ వచ్చినప్పుడు కిటికీలు పగిలి వాననీళ్లు ఇళ్లలోకొచ్చాయి. అలాంటి రోజున అటక మీది ఆల్బమ్‌ సంగతి వేరే చెప్పాలా?

దాచుకోవాలంటే...

* ఫొటో వెనక అంచున మెత్తని పెన్సిల్‌తో పేర్లు, ఊరు, ఏడాది రాయండి. బాల్‌పెన్‌ వద్దు. నొక్కుడు ముందువైపు పడుతుంది.
* లామినేషన్‌ చేయించొద్దు. ఒకసారి చేస్తే మళ్లీ విడదీయలేం.
* జిగురు పేజీల ఆల్బమ్‌కు అతుక్కున్నవాటిని బలవంతంగా పీకొద్దు. ఉన్నవాటిని ఉన్నట్టే ఫొటో తీసుకోండి.
* పొడి డబ్బాలో సిలికా జెల్‌ పొట్లాలతో పెట్టండి. గోడకు ఆనించొద్దు.
* స్కాన్‌ చేసిన కాపీ ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గరా ఉంచండి.
* కొనేటప్పుడు భూతద్దంతో చూడండి. సన్నని చుక్కలు వరసగా కనిపిస్తే అది అచ్చువేసిన బొమ్మే. అసలు నలుపు తెలుపు ఫొటోలో ఆ చుక్కలుండవు.

కోట్లు వస్తాయని ఆశపడి వెతక్కండి. చాలావాటికి ధరే ఉండదు. కానీ ఈ ఆదివారం అటక మీది పెట్టె దించి, తాతయ్య పక్కన కూర్చుని ‘ఈయనెవరు, ఆయనెవరు’ అని అడిగి రాసుకోండి. పెట్టె మరో పదేళ్లయినా అక్కడే ఉండొచ్చు. పేర్లు చెప్పగలిగేవాళ్లు ఉండాలిగా!