కాలేజీలోనే బట్టల బ్రాండ్: జిమ్‌షార్క్ కథలో మనం పట్టించుకోని లెక్క

కామెంట్లలో చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, బీటెక్ చేస్తూ టీషర్ట్ బ్రాండ్ పెట్టొచ్చా?" పెట్టొచ్చు. కానీ ముందు ఒక కథ వినండి.

2012. ఇంగ్లాండ్‌లో బెన్ ఫ్రాన్సిస్ అనే 19 ఏళ్ల కుర్రాడు. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ యూనివర్సిటీలో చదువు, దాంతోపాటు పిజ్జా డెలివరీ. ఫ్రెండ్స్‌తో కలిసి జిమ్‌షార్క్ అని వెబ్‌సైట్ పెట్టాడు. మొదట అమ్మింది బట్టలు కాదు, జిమ్ సప్లిమెంట్లు. సరుకు తన దగ్గర ఉండదు, ఆర్డర్ వస్తే సప్లయరే పంపిస్తాడు. రిస్క్ తక్కువ, మిగిలేదీ తక్కువే.

తర్వాత ఒక కుట్టుమిషన్, ఒక స్క్రీన్ ప్రింటర్ కొని అమ్మానాన్నల గ్యారేజీలో పెట్టాడు. కుట్టడం నేర్పింది వాళ్ల బామ్మ. తనకు నచ్చే ఫిట్‌లో జిమ్ బట్టలు దొరకట్లేదని తనే తయారుచేశాడు. 2013లో బాడీపవర్ అనే ఫిట్‌నెస్ ఎక్స్‌పోలో స్టాల్ పెట్టారు. ఆ తర్వాత వాళ్ల ట్రాక్‌సూట్ ఫేస్‌బుక్‌లో వైరల్ అయి, అరగంటలో 30,000 పౌండ్ల అమ్మకాలు జరిగాయి. చదువు, పిజ్జా ఉద్యోగం మానేసింది అప్పుడు. ముందు కాదు!

2015 బ్లాక్ ఫ్రైడే రోజు సైట్ క్రాష్ అయింది. కస్టమర్లకు చేత్తో క్షమాపణ ఉత్తరాలు రాశాడు. 2020లో జనరల్ అట్లాంటిక్ 21 శాతం వాటా కొన్నప్పుడు కంపెనీ విలువ వంద కోట్ల పౌండ్లు దాటింది.

ఇప్పుడు నా కథ. థర్డ్ ఇయర్‌లో కాలేజ్ ఫెస్ట్ కోసం 100 టీషర్టులు ముందే ప్రింట్ చేయించాం. ఒక్కోటి 180, మొత్తం 18,000. అమ్మే రేటు 250. "టీషర్ట్‌కి 70 లాభం రా" అని ఎగిరాం. అసలు లెక్క వేరు. 72 అమ్మితేగానీ పెట్టిన డబ్బే తిరిగి రాదు. మేం అమ్మింది 57. ఎం, ఎల్ సైజులు మొదటిరోజే అయిపోయాయి. ఎస్, డబుల్ ఎక్స్ఎల్ మంచం కింద అట్టపెట్టెలో ఉండిపోయాయి. 3,750 నష్టం.

అందులో నా రూమ్‌మేట్ ఎగ్జామ్ ఫీజు కూడా ఉంది. వాడు ఇంట్లో అబద్ధం చెప్పి మళ్లీ తెప్పించుకున్నాడు. నా మొదటి జీతంలో వాడి డబ్బు ఇచ్చేశా గానీ, ఆ అబద్ధం మాత్రం నా ఖాతాలోనే ఉంది.

అందుకే చెప్తున్నా. ముందు డిజైన్ చూపించండి, సైజు రాసుకోండి, అడ్వాన్స్ తీసుకోండి, ఆ తర్వాతే ప్రింటింగ్‌కి ఇవ్వండి. "సూపర్ మామా" అన్నవాడు కస్టమర్ కాదు, డబ్బు కట్టినవాడే కస్టమర్. బెన్ గ్యారేజీలో మొదలుపెట్టాడని అందరూ చెప్తారు. అమ్మకాలు వచ్చేదాకా పిజ్జా ఉద్యోగం వదల్లేదన్నది మీరు గుర్తుపెట్టుకోండి.

మీ మొదటి ఆర్డర్ ఎంతమందికో కామెంట్‌లో రాయండి. పదిమందైనా పర్లేదు. మళ్లీ కలుద్దాం!