కాలి కింద గుడి మంటపం

శంషాబాద్‌లో 2008 మార్చి నుంచి విమానాలు దిగుతున్నాయి. వాటి మోతను మనం ఆపలేము. కాని పందిట్లో మన పెట్టెలు చేసే మోత మన చేతిలోనే, కాదు, కాలిలోనే ఉంది.

పెళ్ళిళ్ళలో, భజనల్లో గిటారు వాయించే యువకుల కాళ్ళ దగ్గర ఇటుకంత పెట్టె కనిపిస్తుంది. అదే డిజిటల్ మల్టీ ఎఫెక్ట్స్ పెడల్. తీగల ధ్వనిని అంకెలుగా మార్చి, లెక్కకట్టి, తిరిగి ధ్వనిగా స్పీకరుకు పంపుతుంది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క పెట్టె కొనే అవసరం దీనితో తీరింది.

'గెయిన్' మీట పెంచితే స్వరం గరగరలాడుతుంది. 'కోరస్' ఒక గిటారును నాలుగైదుగా వినిపింపజేస్తుంది. 'రివర్బ్' గుడి మంటపంలో వాయించినట్లు చేస్తుంది. 'డిలే' బావిలో వేసిన కేకలాగా స్వరాన్ని తిప్పి పంపుతుంది. డిలేకు మూడు మీటలు ముఖ్యం: ఎంతసేపటికి రావాలి, ఎన్నిసార్లు రావాలి, ఎంత గట్టిగా రావాలి.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 17 మీటర్ల దూరపు గోడకు తగిలి సెకనులో పదోవంతుకు తిరిగివస్తుంది. అందుచేత నర్కూడ దగ్గరి అమ్మపల్లి రామాలయం వంటి పాత గుళ్ళ రాతి మంటపాల్లో రివర్బ్ తగ్గించాలి. లేకుంటే ప్రతిధ్వనిపై ప్రతిధ్వని చేరి, పాటలో రాముని పేరే వినబడదు. బయలు పందిట్లో కొంచెం పెంచినా ఫరవాలేదు.

మరొక జాగ్రత్త. ఇలాంటి పెడళ్ళలో చాలావాటికి 9 వోల్టులు, పిన్ను నడుమ మైనస్ ఉండాలి. చేతికందిన అడాప్టరు తగిలిస్తే పెట్టె కాలిపోవచ్చును. అడుగున ఉన్న గుర్తు చూసుకొని మరీ తగిలించండి.